మా ఇంగ్లండు ప్రయాణము
(బరంపురమున మన సంఘపు మాసిక సమావేశములో ఒక సభ్యుడు చేసిన ఉపన్యాసము)



మా దంపతు లిద్దరమును 2024వ సంవత్సరము జూను మాసమున ఇంగ్లండు దేశమునకు పోయి నాలుగు వారము లుండి వచ్చితిమి. ఆ విశేషములను ఈ సభలో చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను మూడు పర్యాయములు కోరిరి. రెండు పర్యాయములు తప్పించుకొంటిని. ఇంగ్లండు చూచి వచ్చినవారు నేడు మన ఊర వీథికి నలుగురైన కలరు. కూతురి పురుటికో, మనుమల నాడించుటకో పోయినవారే వారిలో ఎక్కువ. థేమ్సు నదిని గూర్చియు, రాజుగారి భవనమును గూర్చియు వారు నాకంటె బాగుగా చెప్పగలరు. మేము పోయిన కారణము వేరు. అది చెప్పుటకే నాకు సంకోచము. మూడవ పర్యాయము కోరినపుడు నా భార్య, "చెప్పండి, చెబితే మీకే కాస్త బరువు తగ్గుతుంది" అన్నది. అందుచే మీ యెదుట నిలిచితిని.

నేను ముప్పదిమూడేండ్లు కళాశాలలో చరిత్ర బోధించినవాడను. 1066లో నార్మనులు దిగుట, 1215లో జాను రాజు మహాపత్రముపై ముద్ర వేయుట, 1649లో చార్లెసు రాజునకు శిరచ్ఛేదము జరుగుట, వీనిని నల్లబల్లపై ఎన్ని మారులు వ్రాసితినో లెక్కలేదు. చూడని దేశపు ఊళ్ల పేర్లు నాకు కంఠస్థములు. ఆ దేశమును ఒకసారి కన్నులార చూడవలెనను కోరిక లేకపోలేదు. అయినను పిలుపు వచ్చినది చరిత్ర వలన కాదు, స్నేహము వలన.

నా బాల్యస్నేహితు డొకడు 1977లో వైద్యుడుగా ఇంగ్లండు పోయి అక్కడనే స్థిరపడెను. పేరు చెప్పవలదని అతని భార్య కోరినది గనుక చెప్పను. డెబ్బదియేండ్లు దాటిన సభ్యులు పోల్చుకొనగలరు. ఇద్దరమును పెద్ద బజారు వెనుక ఒకే వీథిలో పెరిగితిమి. అతని తండ్రి రైల్వే గార్డు. మా తండ్రి పట్టుమగ్గము నేయువాడు. ఠాకురాణీ యాత్ర వచ్చినచో ఇద్దరమును పులివేషముల వెంట తెల్లవారుదాక తిరిగెడివారము. అతడు వైద్యము చదివెను, నేను చరిత్ర చదివితిని. మా తండ్రికి ఉబ్బసము. విద్యార్థిగా నున్నప్పటినుండియు అతడే మా ఇంటికి వచ్చి చూచి మందు లిచ్చెడివాడు. అతడు ఇంగ్లండు పోయిన నాలుగవ నెలలో మా తండ్రి కాలము చేసెను. ఆ దుఃఖములో నేనొక జాబు వ్రాసితిని. "నువ్వు ఊళ్లో ఉంటే మా నాన్న బతికేవాడు. ఈ ఊరి డబ్బుతో చదువుకొని పరాయివాళ్ల దగ్గుకు మందిస్తున్నావు" అని అందు వ్రాసితిని. దానికి జవాబు రాలేదు. మరుసటి ఉగాదికి మాత్రము శుభాకాంక్షల కార్డు వచ్చెను. నాటినుండి ప్రతి ఉగాదికిని వచ్చుచునే యుండెను. జవాబులన్నియు నా భార్యయే వ్రాసెను. అతడు ఊరికి వచ్చిన రెండు మూడు పర్యాయములును నేను పరీక్షల పనియనియు, బంధువుల ఇంట పెండ్లి యనియు ఊరు విడిచి పోయితిని. ఇట్లు నలువదియారేండ్లు గడచినవి.

2023 డిసెంబరులో అతని భార్య ఫోను చేసెను. ఆమెది తెనాలి. "అన్నయ్యగారూ, ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. ఒక్క ముక్క రాదు. తెలుగు కొంచెం మిగిలింది. అది కూడా మీ ఊరి తెలుగు. నాకు సగం అర్థం కావడం లేదు. ఒక్కసారి రండి" అని ఆమె చెప్పినది. రెండు భాషలు వచ్చినవారికి ఇట్టి జబ్బులో ఒక భాష ఎక్కువ చెడి మరియొకటి కొంత నిలుచుట కలదని అచ్చటి వైద్యులు ఆమెకు చెప్పిరట. ఇంగ్లీషులో గంటసేపు ఆగకుండ ఉపన్యసించగలవాడని కాలేజీలో పేరు తెచ్చుకొన్నవాడు అతడు. పోవుదమని నా భార్య ఆ రాత్రియే నిశ్చయించినది.

లండనులో దిగిన పిమ్మట తిన్నగా స్నేహితుని ఊరు పోవలసినది. నేను మూడు దినములు లండనులోనే ఉంచితిని. చూడవలసినవి చాల కలవని చెప్పితిని. నా భార్య నమ్మలేదు. "ఈ రాళ్లు ఎక్కడికీ పోవు" అన్నది. ఆమె మాట నిజము. నేను ఆలస్యము చేయుచుంటిని.

మొదటి దినమున లండను కోటకు పోయితిమి. కోహినూరును చూచుటకు మనుష్యుడు నడువ నక్కరలేదు. నిలిచియున్న దారియే మెల్లగా కదలి మనలను కిరీటముల ముందునుండి తీసికొనిపోవును. మన కృష్ణాతీరమున కొల్లూరు గనిలో దొరికినదని ప్రసిద్ధి కెక్కిన ఆ వజ్రము 1849లో పంజాబు బాలరాజు చేతినుండి ఆంగ్లేయుల చేతిలో పడెను. 1852లో దానిని మరల సానపట్టించగా చాల తరిగి నేడు నూట అయిదు కారెట్లకు కొంచె మెక్కువగా మిగిలినది. 2023 మేలో జరిగిన పట్టాభిషేకమున రాణిగారు దానిని ధరింపలేదు. నా భార్య ఆ కదలు దారిపై రెండు మారులు పోయి చూచి, "ఇంతేనా?" అన్నది. దానిని గూర్చి నేనును ఇంతకంటె చెప్పను.

బ్రిటిషు మ్యూజియమున మాత్రము మాకు ఒక దినమంతయు చాలలేదు. ప్రవేశ రుసుము లేదు. 33-ఎ అను సంఖ్యగల గదిలో, అద్దపు గోడల లోపల, అమరావతి స్తూపపు శిలాఫలకములు కలవు. మ్యూజియమువారికడ నూటయిరువదికి పైగా ఉన్నవని చెప్పుదురు. ఆ స్తూపము క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్ది నాటినుండి శతాబ్దుల తరబడి పెరిగినది. 1798లో మెకంజీ దొర మొదట దానిని చూచునప్పటికే ఆ దిబ్బ త్రవ్వబడియుండెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ క్రొత్త పట్టణమునకై అందలి రాళ్లను తీయించిరి. కొన్ని రాళ్లు సున్నపు బట్టీలలో కాలి బూడిదయ్యెను. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన ఫలకములు కొంతకాలము మద్రాసులో ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడ యెక్కి లండను చేరెను. అచ్చట సయితము వెంటనే గౌరవము జరుగలేదు. రేవు గిడ్డంగిలో పడియుండి, చోట్లు మారి, 1880లో ఈ మ్యూజియమునకు వచ్చెను.

నేను ఈ చరిత్రనంతయు నా భార్యకు గట్టిగా చెప్పుచుంటిని. మా వస్తువును మా కీయకుండ ఎట్లు దాచిరో చూచితివా యని నా ధోరణి. ఆమె ఒక ఫలకము దగ్గర వంగి చూచుచు, "ఈ కాళ్ల కడియాలు మా అమ్మమ్మకు ఉండేవి. సరిగ్గా ఇలాంటివే" అన్నది. తరువాత తల యెత్తి, "వీళ్లు తేకపోతే ఇది సున్నమయ్యేదా, ఉండేదా?" అని అడిగినది. నాకు జవాబు తోచలేదు. ఎగ్మూరు మ్యూజియములో మిగిలిన ఫలకములు నేటికిని చక్కగా నున్నవి గదా యని కొంతసేపటికి చెప్పితిని. "అయితే తేనక్కరలేదు" అని ఆమె తీర్పు చెప్పి ముందుకు నడిచినది. చరిత్రకారులు నూరేండ్లుగా తేల్చలేనిదానిని ఆమె రెండు వాక్యములలో తేల్చెను. నేను మాత్రము ఇప్పటికిని తేల్చుకొనలేదు.

మూడవ దినమున కెన్సలు గ్రీను శ్మశానమునకు పోయితిమి. 1833లో తెరచిన ఈ తోటలో డెబ్బదిరెండెకరముల మేర సమాధులే. 1884 డిసెంబరులో మరణించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఇచ్చట ఖననము చేయబడెను. చాలసేపు వెదకి, పనివాని సాయముతో ఆ చోటు చేరితిమి. బ్రౌను 1817లో మద్రాసు చేరి, నడుమ స్వదేశమున గడపిన కొలది యేండ్లు పోగా, 1855 వరకు మన దేశముననే యుండెను. కడపలో, మచిలీపట్టణములో, రాజమహేంద్రవరములో ఉద్యోగము చేయుచు, తన జీతమునుండి పండితులకు వేతనము లిచ్చి తాళపత్రములను వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. ముసలితనమున లండనులో తెలుగు ఆచార్యు డయ్యెను. అచ్చట నిలిచియుండగా నాకొక ఆలోచన తట్టినది. "నీ దేశపు డబ్బుతో చదివి పరాయివారి భాషకు పాటుపడుచున్నావా?" అని ఈయనకు స్నేహితు డెవడైన జాబు వ్రాసియుండునా? వ్రాసియున్నచో మనము ఆ స్నేహితుని గూర్చి ఏమందుము? ఈ మాట నా భార్యకు చెప్పలేదు. మరునాటి రైలుకు టిక్కెట్లు కొంటిని.

లండనునుండి ఉత్తరముగా వేకుఫీల్డు వరకు రెండు గంటల ప్రయాణము. అచ్చటికి స్నేహితుని కుమారుడు కారు తెచ్చెను. వారి ఇల్లు బార్న్సిలీ సమీపమున ఒక పల్లెలో నున్నది. అది నిన్నమొన్నటివరకు బొగ్గుగనుల సీమ. గనులు మూసివేయుటకు విరోధముగా 1984 మార్చినుండి ఒక సంవత్సరము గనికార్మికులు సమ్మె చేసిరి, ఓడిపోయిరి. గనులు ఒకదానివెంట నొకటి మూతపడెను. 2015 డిసెంబరులో ఆ దేశపు కడపటి లోతు గనియు మూయబడెను. మా స్నేహితుడు ఆ పల్లెలలో ముప్పదియేండ్లకు పైగా వైద్యము చేసెను. ఆంగ్ల వైద్యులు ఇట్టి గని ఊళ్లకు వచ్చుటకు ఇష్టపడకపోవుటచే, మనదేశమునుండి పోయిన వైద్యులు చాలమందికి ఇట్టి చోట్లే దొరికినవి.

గుమ్మములో చక్రముల కుర్చీలో కూర్చుండి యున్నాడు. కుడి చేయి, కుడి కాలు ఆడవు. నన్ను చూచి ఎడమ చేయి ఎత్తి, "వచ్చావురా" అన్నాడు. నలువదియారేండ్ల తరువాత అతని నోట నేను విన్న మొదటి మాట అది. నేనేమియు చెప్పలేకపోతిని. పెట్టెలు మోయుటకు సాయము చేయువానివలె ప్రక్కకు తిరిగితిని.

ఆ రాత్రి భోజనమునకు ముందు అతడు "బడి, బడి" అని పలుమారులు పలుకుచు ఎడమచేతి పిడికిలితో కుర్చీ చెక్కపై కొట్టసాగెను. అతని భార్య కన్నీరు పెట్టుకొని, "ఇదే అన్నయ్యగారూ, రోజూ ఇదే. బడికి పోవాలంటారు. చిన్నతనం గుర్తొస్తున్నట్టుంది" అన్నది. మాట నేర్పుటకు వచ్చు ఉద్యోగినియు ఇది బాల్యస్మృతి యని పుస్తకమున వ్రాసికొన్నదట. కుమారుడు పలక, బలపము, రంగుల బొమ్మల పుస్తకము సయితము తెచ్చియిచ్చెనట. అతడు వానిని నేలకు త్రోసివేసెనట. నేనును ఒక నిమిషము కలత చెందితిని. నా భార్య మాత్రము పకాలున నవ్వినది. ఈ సభలో నవ్వుచున్న మీకు వేరుగా చెప్ప నక్కరలేదు. తెనాలివారికి బడి యన్న పాఠశాల. బరంపురపువారికి ఒరియా బడి గూడ తెలియును గదా. మినపపప్పు రుబ్బి ఎండబెట్టిన వడియములు! ఆ పిడికిలి గుద్దుట వానిని వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో దంచుట. అతడు అడుగుచున్నది బడిచూరా.

మన ఊరి అప్పడములతో పాటు నా భార్య వడియములను గూడ పెట్టెలో పెట్టుకొని వచ్చియుండెను. రాత్రి అన్నములో నీళ్లు పోసి యుంచి, మరునాడు ఉదయమున పెరుగు కలిపి, వడియములు వేయించి దంచి పెట్టినది. అతడు ఎడమచేతితో గిన్నె ఖాళీ చేసి, "పఖాళ" అని తృప్తిగా నిట్టూర్చెను. అతని భార్య వంటయింటి గుమ్మములో నిలిచి చూచుచుండెను. "నలభై రెండేళ్లు కాపురం చేశాను. ఒక్కసారి కూడా నాకు ఇది కావాలని అడగలేదు" అన్నది. ఆమె మాటలో సంతోష మెంత, నొప్పి యెంత యని నేను విడదీసి చెప్పలేను. ఆ దినమునుండి మా పని స్థిరపడెను. అతడు చెప్పిన మాటలను నేను ఒక నోటుబుక్కులో వ్రాసి, ఎదుట తెనాలి తెలుగులో అర్థము వ్రాయుచు వచ్చితిని. నూటనలువది మాటలైనవి. కుమారునికై వానిని ఇంగ్లీషులో గూడ వ్రాసితిని.

అతనిని ఇంట కూర్చుండబెట్టవలదని వైద్యులు చెప్పుటచే వారమునకు రెండు మారులు బయటికి తీసికొనిపోయెడివారము. యార్కు పట్టణపు మహాదేవాలయమును చూచితిమి. దాని తూర్పు గవాక్షపు రంగుటద్దములను జాను థారన్టను అను శిల్పి 1405 మొదలు 1408 వరకు మూడేండ్లలో ముగించెను. 1984 జూలైలో దక్షిణపు భాగమున కప్పు కాలిపోగా, మరల కట్టినప్పుడు పిల్లలు గీసిన ఆరు బొమ్మలను పైకప్పు చెక్కడములుగా అమర్చిరి. అందు చంద్రునిపై మనుష్యుడు దిగుటయు నొకటి. ఇవన్నియు నేను చూచితిని. మా స్నేహితుడు కుర్చీలో నిద్రపోయెను. కాని అదే పట్టణమున రైల్వే మ్యూజియములోనికి పోగానే మేలుకొని నిటారుగా కూర్చుండెను. 1938లో గంటకు నూటయిరువదియారు మైళ్ల వేగముతో పరుగెత్తి, ఆవిరి ఇంజనులలో నేటికిని మించబడని మల్లార్డు అను నీలపు ఇంజను అచ్చట నున్నది. దానిని చూచి గార్డు కొడుకు ఎడమచేయి ఊపి, "పచ్చజెండా" అన్నాడు. చుట్టునున్న పిల్లలును చేతు లూపిరి.

గనులను చూడవలెనను కోరిక నాది. వేకుఫీల్డు దగ్గర ఒక పాత గనిని మ్యూజియముగా మార్చి, నూటనలువది మీటరుల లోతునకు సందర్శకులను దింపుదురు. దారి చూపువారు పూర్వము గనులలో పనిచేసినవారే. నిప్పు రవ్వకు భయపడి గడియారములు, ఫోనులు పైననే తీసికొందురు. క్రింద ఒకచోట దీపము లార్పివేసిరి. అట్టి చీకటిని నేను ఎన్నడును ఎరుగను. 1842కు పూర్వము అయిదారేండ్ల పసివారు ఆ చీకటిలో ఒంటరిగా కూర్చుండి గాలితలుపులు తెరచుచు మూయుచు నుండెడివారు. ఆ చట్టమును నేను ఎన్ని యేండ్లో పాఠముగా చెప్పితిని. "1842: గనుల చట్టము, స్త్రీలను, పదియేండ్లలోపు బాలురను భూగర్భమున పనికి పెట్టుట నిషేధము" అని ఒక పంక్తి. పరీక్షలో రెండు మార్కులు.

ఆ పంక్తికి వెనుక నున్నది సిల్కుస్టను అను పల్లెలో చూచితిమి. అది స్నేహితుని ఇంటికి సమీపమే. 1838 జూలై 4వ తేదీన పెద్ద గాలివాన కురిసి, గనిలోనివారిని పైకి చేదు యంత్రము నిలిచిపోయెను. పిల్లలు కొందరు కొండప్రక్కకు తెరచియున్న మరియొక దారిన పైకి బయలుదేరిరి. వాగు పొంగి ఆ దారిలోనికి దూకినది. నీటి యొత్తిడిచే తలుపు తెరువ వీలుగాక, పదునొకండుమంది బాలికలు, పదునైదుమంది బాలురు మునిగిపోయిరి. చర్చి ఆవరణలో వారి పేర్లును వయస్సులును చెక్కిన స్తంభము కలదు. ఆ మరణములు దేశమును కదలింపగా విచారణ సంఘ మేర్పడెను. తరువాత ఆ చట్టము వచ్చినది.

మేము ఆ పేర్లు చదువుచుండగా ఒక ముదుసలి ఆంగ్లేయుడు చేతికఱ్ఱతో వచ్చి, "డాక్!" అని మా స్నేహితుని భుజముపై చేయి వేసెను. పూర్వము గనికార్మికు డట. బొగ్గుపొడిచే ఊపిరితిత్తులు చెడినవారికి ప్రభుత్వము పరిహార మీయవలెనని 1998లో న్యాయస్థానము తీర్పు చెప్పిన పిమ్మట, ఈ పల్లెలలోని ముసలివారికి మా స్నేహితుడు రాత్రులు మేలుకొని పాత రోగపత్రములు వెదకి కాగితములు వ్రాసి యిచ్చెనట. "మా నాన్న దగ్గి దగ్గి చనిపోయాడు. ఆయన మంచం ప్రక్కన తెల్లవార్లు కూర్చున్నది ఈయనే" అని ఆ ముదుసలి నాతో చెప్పెను. మా స్నేహితునకు ఆ ఇంగ్లీషు అర్థమైనదో లేదో తెలియదు. తల మాత్రము ఊపెను.

ఆ ముదుసలి పోయిన తరువాత ఆడువారు చర్చి లోపలికి పోయిరి. మే మిద్దరమే మిగిలితిమి. నేను అతని కుర్చీ ప్రక్కన బల్లపై కూర్చుండి, "ఒరే, ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సింది. తప్పు నాది. మా నాన్నకు నువ్వు చేసినంత నేనే చేయలేదు" అని చెప్పితిని. నలువదియారేండ్లు మనస్సులో దిద్దుకొన్న వాక్యములు వేరు. నోట వచ్చినవి ఇవి. అతడు నావైపు చాలసేపు చూచెను. "మగ్గం" అన్నాడు. తరువాత ఆకాశమువైపు చూచి, "చలేస్తోందిరా. ఇంటికి పద" అన్నాడు. నేను కుర్చీ త్రోసికొని పోయితిని. క్షమించెనో, ఉత్తరము సంగతియే మరచెనో, నేను చెప్పజాలను. నా భార్య అడిగినపుడు గూడ ఇంతే చెప్పితిని.

జూలై మొదటి వారమున తిరిగి వచ్చితిమి. ప్రతి ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు వారికి ఫోను చేయుచున్నాము. అప్పుడు వారికి సాయంకాలము. అతనితో చదివినవారు, ఆడినవారు ఈ సభలో ఇద్దరు ముగ్గురైన ఉందురని నా నమ్మకము. వారు సభ ముగిసిన పిమ్మట నన్ను కలిసికొన్నచో ఏ ఆదివారము ఎవరు మాటలాడవలెనో వ్రాసికొందును. కుశలప్రశ్నలు దీర్ఘముగా వలదు. ఇంగ్లీషు అసలే వలదు. ఠాకురాణీ యాత్రను గూర్చియో, స్టేషనును గూర్చియో, పాత వీథివారిని గూర్చియో మన ఊరి మాటలలో చెప్పిన చాలును. జవాబు ఆలస్యముగా వచ్చును. తొందరపడి ఫోను పెట్టివేయవలదు. మన సభ్యుని కుమారు డొకడు శ్రావణమాసమున లీడ్సు పోవుచున్నాడు. వడియములు పంపదలచినవారు బాగుగా ఎండినవి, పొట్లమునకు అరకిలో మించకుండ, మా ఇంట ఇచ్చినచో నా భార్య కట్టి పంపును.